ఎర్రమాత్ర మానేయవచ్చా?

ప్రశ్న: నాకిప్పుడు ఐదో నెల. ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) గారిచ్చిన ఎర్రమాత్రలు, అంటే ఐరన్ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉంటోంది, విరేచనం నల్లగా అవుతోంది. వాటివల్ల బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్తగారు అంటున్నారు. మానేయవచ్చా?
– ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: మానవద్దమ్మా. ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము బయటికి పోవడం వల్ల విరేచనం నల్లబడుతుంది; బిడ్డ రంగుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వాడాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదకరం. అలాంటి తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. నా భయమంతా అదే.

వికారం తగ్గాలంటే రాత్రి భోజనం చేశాక, పడుకోబోయే ముందు నిమ్మరసంతో వేసుకోండి. మాత్రకు ముందూ వెనుకా గంటసేపు టీ, కాఫీ ముట్టవద్దు. క్యాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. బియ్యం డబ్బా వెనుక దాచిన నిండు మాత్రల అట్టలను నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అడిగితే మీలాగే వికారమనే చెప్పారు. ఆ మాట ఏఎన్‌ఎం గారితో దాచకుండా చెప్పండి. వచ్చే పరీక్షకు అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. ఇంట్లో బడికి వెళ్లే పదేళ్లు నిండిన ఆడపిల్లలుంటే, వారానికొకసారి అక్కడ ఇచ్చే నీలిమాత్ర (అదీ ఐరన్ మాత్రే) వేసుకుంటున్నారో లేదో కూడా కనుక్కోండి.