సివిల్ ప్రాక్టీసు వదిలి కొత్త విభాగాలకు వెళ్లవచ్చా?

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చదివాక ఉస్మానియాలో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, సిటీ సివిల్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాను. వాయిదాలు తీసుకోవడం తప్ప నేర్చుకుంటున్నది కనబడడం లేదు. సైబర్, డేటా రక్షణ, పేటెంట్ల వంటి విభాగాలకే భవిష్యత్తు ఉందంటున్నారు. సివిల్ ప్రాక్టీసు వదిలి అటు వెళ్లడం మంచిదేనా, దయచేసి తెలపగలరు.
– ఒక జూనియర్ న్యాయవాది, మలక్‌పేట

జవాబు: జూనియర్లకు పని నేర్పకుండా వాయిదాలకే పంపే అలవాటు మన బార్‌లో ఇంకా ఉండడం బాధాకరం. మీరు చెప్పిన విభాగాలు పెరుగుతున్న మాట కూడా నిజమే. అయితే వాటికోసం సివిల్ కోర్టు విడిచిపెట్టాలంటే మాత్రం నేను ఒప్పుకోలేను.

అప్పు దావా అయినా, విడాకుల కేసయినా, స్థలం అమ్మకం ఒప్పందమైనా, వాట్సాప్ సందేశమో సీసీ కెమెరా దృశ్యమో లేకుండా నడవడం ఇప్పుడు అరుదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం వాటి ప్రతులను దాఖలు చేయాలంటే 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతపరచాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్‌కు భిన్నంగా, ఇందులో కక్షిదారు నింపవలసిన భాగం ఒకటి, నిపుణుడు నింపవలసిన భాగం మరొకటి ఉన్నాయి, పైగా ఆ రికార్డు హాష్ విలువను, అంటే ఫైలులో మార్పు జరిగితే పట్టిచ్చే డిజిటల్ వేలిముద్ర లాంటి సంకేతాన్ని కూడా నమోదు చేయాలి. ఆ ఫోను ఎవరి చేతిలో ఉండేదో, ప్రతి ఎలా తీశారో ముందే విచారించి, ఎదుటి పక్షం అభ్యంతరాలకు నిలిచేలా ధ్రువపత్రం తయారుచేయగల జూనియర్‌ను ఏ సీనియరూ వాయిదాలకే పరిమితం చేయరు. సైబర్ కేసుల్లోనూ గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలతాయి.

ఇక మీ కెమిస్ట్రీ డిగ్రీ. పేటెంట్ దరఖాస్తులు తయారుచేసి పేటెంట్ కార్యాలయం ముందు నడిపే పేటెంట్ ఏజెంటు కావడానికి రాసే పరీక్షకు సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి, లా పట్టా ఒక్కటే చాలదు; కాబట్టి మీ తోటివారిలో చాలామందికి లేని అర్హత మీకుంది. ఔషధ పరిశ్రమకు పేరుపడ్డ మన నగరంలో అది చిన్న విషయం కాదు. దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఆ వస్తువును ఇతరులు తయారుచేసుకునేందుకు ఇచ్చే అనుమతి) 2012 మార్చిలో హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మాకే దక్కింది. నెలకు సుమారు 2.80 లక్షల రూపాయలయ్యే బేయర్ వారి క్యాన్సర్ మందును 8,800 రూపాయలకే అమ్ముతామని నాట్కో ముందుకు వచ్చింది. ఆ ఉత్తర్వు తప్పక చదవండి: మందు ఎంతమంది రోగులకు అందింది, ఆ ధరను సామాన్యులు భరించగలరా అన్న లెక్కలను ఎలా వాదించారో అందులో కనిపిస్తుంది.

డేటా రక్షణ సంగతి వేరు. 2023 నాటి చట్టం 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించింది గనుక కంపెనీలకు సలహాదారుల అవసరం పెరుగుతుంది, కాని అది ప్రధానంగా ఒప్పందాలు, విధానపత్రాలు రాసే పని. జీతంపై పూర్తికాల ఉద్యోగిగా చేరితే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రాక్టీసు నిలిపివేయవలసి ఉంటుంది. కోర్టులో వాదించాలన్న కోరిక మీకుంటే, చేరకముందే ఈ విషయం ఆలోచించుకోండి.