కత్తి కాదు, చెవులివ్వండి

ప్రశ్న: ఫాంటసీ నవల రాస్తున్నాను. కోటలో నీళ్లు మోసే పిల్ల హీరోయిన్. అందరికీ ఆమె అంటే చులకన. చివర్లో యుద్ధం గెలిపిస్తే మా వదిన నమ్మలేదు. ఏం చేయను?
– ఓ పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: నేను మీ వదిన పక్షమే. పుస్తకమంతా బిందెలు మోయించి, ఆఖర్లో మాయఖడ్గం ఇస్తే ఎలా? గోల్కొండ మీకు పక్కనే కదా, వెళ్లండి. ఫతే దర్వాజా దగ్గర మా మనవరాలు చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో నాకు వినిపించింది. (ఆ మెట్లు ఎక్కిన నా మోకాళ్ల సంగతి అడక్కండి.) నీళ్లు కూడా మట్టి గొట్టాల్లోంచే పైకి చేరేవి. ఏ చప్పుడు ఎక్కడ తేలుతుందో, ఏ గొట్టం ఎటు పోతుందో సేనాధిపతికేం తెలుసు? ఆ పిల్లకు తెలుసు. మూడో అధ్యాయంలోనే ఆమె ఆ మాట చెప్పబోవాలి. ‘నీ బిందె సంగతి చూసుకో’ అని ఆయన కసరాలి.