సున్నం రాలిన ట్యాంకు

ప్రశ్న: 1/35 నిష్పత్తిలో సోవియట్ టి-34 ట్యాంకు బొమ్మ నమూనా కిట్‌ను అమర్చి ఆకుపచ్చ రంగు వేశాను. 1942-43 చలికాలపు యుద్ధంలో దానికి పూసిన తెల్లసున్నం అరిగిపోయినట్టు చూపడం ఎలా?

జవాబు: మంచులో కనబడకుండా ఉండటానికి ఎర్రసైన్యం ఆ సున్నాన్ని తాత్కాలికంగానే పూసేది కాబట్టి, సిబ్బంది ఎక్కి దిగే చోట్లా, మూతల అంచుల్లోనూ అది ముందుగా రాలేది. ఆకుపచ్చ బాగా ఆరాక హెయిర్ స్ప్రేను పలుచగా కొట్టి, అదీ ఆరాక తెల్ల యాక్రిలిక్ (నీటితో కలిపే) రంగు వేసి, అరగంటలోపే తడి కుంచెతో మెల్లగా రుద్దితే, అడుగున స్ప్రే కరిగి తెలుపు పెచ్చులుగా ఊడివస్తుంది. ఎనామెల్ (నూనె ఆధారిత) తెలుపైతే నీటికి లొంగదు. తుప్పు విషయంలో మాత్రం చెయ్యి బిగబట్టండి. ఉత్సాహంలో చాలామంది పాడుచేసుకునేది అక్కడే. వెనుక పొగగొట్టాలకు కాస్త తుప్పురంగు చాలు. ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టీలు) నేలను ఒరుసుకునే చోట పెన్సిల్ ములుకు పొడి రుద్దితే, అరిగిన ఉక్కు మెరుపు వస్తుంది.