రేడియల్ ఇంజన్ అంటే అంత ఇష్టం ఎందుకు? స్టీర్‌మన్ దగ్గర నా చేతికి తెలిసింది

"సెస్నా 172 లాంటి మామూలు చిన్న విమానాల ఇంజన్ తేలిక, ఖర్చు తక్కువ, మరి చిన్న విమానాలు నడిపేవాళ్ళు 80 ఏళ్ళ నాటి రేడియల్ ఇంజన్ల వెంట ఎందుకు పడతారు, సౌండ్ కోసమేనా" అని అడిగారు. సౌండ్ కూడా ఒక కారణమే, కాదనను. కానీ నా మటుకు, సిలిండర్లు గుండ్రంగా చుట్టూ అమర్చి ఉండే ఈ రేడియల్ ఇంజన్ మీద ఇష్టానికి అసలు కారణం వేరే అండి. ఆ ఇంజన్ స్టార్ట్ అవ్వకముందే మనచేత పని చేయించుకుంటుంది, ఆ పని చేస్తుంటే లోపల ఏం జరుగుతుందో చేతికి తెలిసిపోతుంది. నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

నేను సియాటిల్ దగ్గర ఉంటాను, ఫ్లయింగ్ నేర్చుకున్నదంతా 172 మీదే. మా హ్యాంగర్ల వరసలో ఒక పెద్దాయనకి స్టీర్‌మన్ ఉంది, రెండో ప్రపంచ యుద్ధం టైంలో అమెరికాలో పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చిన విమానం, పైన ఒక రెక్క కింద ఒక రెక్క. ముందు కాంటినెంటల్ డబ్ల్యూ-670 ఇంజన్, 7 సిలిండర్లు ఎడ్లబండి చక్రం ఆకుల్లా చుట్టూ తన్నుకుని ఉంటాయి, పైన మూత కూడా ఉండదు, ఫిన్స్, పుష్‌రాడ్ గొట్టాలు, ప్లగ్గు వైర్లు అన్నీ కళ్ళ ముందే. 172లో అయితే ఆయిల్ చూసుకునే చిన్న తలుపులోంచి తొంగి చూడటమే తప్ప ఇంజన్‌తో మనకి పరిచయం ఎక్కడుంటుంది చెప్పండి.

ఒకసారి చలికాలంలో మూడు వారాలు ఎగరకుండా ఉండిపోయింది ఆ విమానం. పొద్దున్నే ఆయన రమ్మంటే వెళ్ళాను. మ్యాగ్నెటో (ప్లగ్గులకి స్పార్క్ ఇచ్చేది) స్విచ్ ఆఫ్‌లో ఉందా అని ఒకటికి రెండుసార్లు చూసి (ఆఫ్‌లో ఉన్నా సరే ఎప్పుడైనా అంటుకోవచ్చు అనుకునే నిలబడాలి, అది ముందు నేర్పించాడు) ప్రొపెల్లర్ చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. రెండు బ్లేళ్ళ ప్రొపెల్లర్ కాబట్టి 4 బ్లేళ్ళు లాగితే రెండు చుట్లు, అన్ని సిలిండర్లూ ఒక్కోసారి కంప్రెషన్‌కి వస్తాయి, ఆయన మాత్రం 8 లాగమంటాడు. ఒక్కో బ్లేడు లాగుతుంటే మెత్తగా బరువెక్కి, "ఫ్సు" అని గాలి ఊది, వదిలేస్తుంది. ఒకటి, రెండు. మూడో బ్లేడు సగంలో గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. నేను ఇంకొంచెం బలంగా లాగబోతుంటే ఆయన అక్కడినుంచే "ఆగు ఆగు, బలవంతం చెయ్యొద్దు" అని అరిచాడు.

సంగతేంటంటే, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా పిస్టన్ రింగుల సందుల్లోంచి కింద సిలిండర్లలోకి దిగుతుంది, కింది సిలిండర్లు తలకిందులుగా వేలాడుతుంటాయి కదా. గాలి అయితే నొక్కుకుంటుంది, ఆయిల్ నొక్కుకోదు. అది తెలియకుండా స్టార్టర్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ రోజు ఏమీ కాకపోవచ్చు కానీ ఇంకో రోజు గాల్లో ఉండగా విరగొచ్చు. సరే వెనక్కి తిప్పేద్దామా అన్నాను. అది ఇంకా తప్పంట, వెనక్కి తిప్పితే ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి, అంటే గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే దారిలోకి పోయి కూర్చుంటుంది, స్టార్ట్ చెయ్యగానే మళ్ళీ సిలిండర్లోకే లాక్కుంటుంది. కింది సిలిండర్ ప్లగ్గు విప్పి ఖాళీ కాఫీ డబ్బా పట్టాడు, టీ డికాక్షన్ రంగులో ఆయిల్ సన్న ధారగా దిగింది, దాదాపు ఒక గ్లాసుడు. ప్లగ్గు తుడిచి బిగించాక మళ్ళీ లాగితే బ్లేడు ఏమీ జరగనట్టు తిరిగింది. ఆ తేడా నా అరచేతిలో ఇప్పటికీ ఉంది.

తర్వాత స్టార్టింగ్. ఆయనది పాత ఇనర్షియా స్టార్టర్, ఇంజన్ వెనకాల ఎడమ పక్కన హ్యాండిల్ పెట్టి తిప్పాలి, లోపల చిన్న ఫ్లైవీల్ తిరుగుతూ తిరుగుతూ కూత సన్నగా పైకి లేస్తుంది, బాగా స్పీడ్ అందుకున్నాక హ్యాండిల్ తీసేసి పక్కకి జరిగితే ఆయన క్లచ్ లాగుతాడు. కృష్ణా జిల్లాలో మా నాన్న పొలంలో ఆయిల్ ఇంజన్ కొట్టేటప్పుడు వాల్వ్ లివర్ ఎత్తిపట్టి హ్యాండిల్ తిప్పి, ఊపు వచ్చాక లివర్ వదిలేవాడు, సరిగ్గా ఆ పనే! ఒక సిలిండర్ అంటుకుంది, ఆగింది, ఇంకోటి దగ్గింది, తెల్లగా పొగ, తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. ఆ పొగలో నిలబడి నాకు నాన్నే గుర్తొచ్చాడు.

సౌండ్ ఎందుకలా ఉంటుందో కూడా చెప్తా. రేడియల్‌లో ఒక చుట్టులో సిలిండర్లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి, 5, 7, 9. ఒకటి వదిలి ఒకటి పేలాలి కాబట్టి 1, 3, 5, 7, అక్కడినుంచి 2, 4, 6, మళ్ళీ 1, లెక్క సరిగ్గా చుట్టుకుంటుంది. అదే 6 ఉంటే 1, 3, 5 అయ్యాక మళ్ళీ 1కే వచ్చేస్తుంది, 2, 4, 6 మిగిలిపోతాయి. పైగా ఒక్కో సిలిండర్ ఒకటిన్నర లీటర్లు, మన స్విఫ్ట్ కారు మొత్తం ఇంజన్ 1.2 లీటర్లే. 7 కలిపితే దాదాపు 11 లీటర్లు, ఇచ్చేది 220 హార్స్‌పవర్, అదీ 2,075 ఆర్‌పీఎం దగ్గర. ఇప్పటి 172 దాదాపు 6 లీటర్లతోనే 180 ఇస్తుంది, కానీ దానికి 2,700 తిరగాలి. మెల్లగా తిరుగుతూ పెద్ద ప్రొపెల్లర్‌ని లాగే బలం రేడియల్‌ది, అందుకే ఆ చప్పుడు గీపెట్టినట్టు ఉండదు, గుండెలో కొట్టినట్టు ఉంటుంది.

ఖర్చు సంగతి దాచను. గంటకి 12-13 గ్యాలన్ల పెట్రోల్ తాగుతుంది, ఆయిల్ వేరే తాగుతుంది, కింద ట్రే లేకపోతే హ్యాంగర్ ఫ్లోర్ పాడవుతుంది, వెడల్పాటి మూతి వల్ల గాలిని చీల్చుకుని పోవడం కష్టం, అన్నిటికన్నా మించి ఇది బాగా తెలిసిన మెకానిక్‌లు తగ్గిపోతున్నారు. మొదటి విమానం కొనుక్కునేవాళ్ళకి నేను రేడియల్ చెప్పను.

అలాగని మ్యూజియం సరుకు అనుకోకండి. నీళ్ళ మీదనుంచి కూడా ఎగిరే చిన్న విమానం, కెనడా వాళ్ళ డి హావిలాండ్ బీవర్ తీసుకోండి, 1947లో మొదటిసారి ఎగిరింది, ముందు దానికి బ్రిటిష్ ఇన్‌లైన్ (సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి ఉండే) ఇంజన్ పెడదామనుకున్నారు, యుద్ధం అయ్యాక ప్రాట్ అండ్ విట్నీ ఆర్-985లు చవగ్గా దొరుకుతుంటే 9 సిలిండర్ల ఆ 450 హార్స్‌పవర్ ఇంజనే పెట్టారు, అదే దాని అదృష్టం, బరువుతో నీళ్ళ మీదనుంచి లేవాలంటే ఆ బలం కావాలి. 1967 దాకా 1,600కి పైగా తయారయ్యాయి. సియాటిల్‌లో లేక్ యూనియన్ మీదనుంచి కెన్‌మోర్ ఎయిర్ వాళ్ళు బీవర్లు ఇంకా రోజువారీ సర్వీసుల్లో నడుపుతున్నారు. ఇక్కడ ఉన్న మన తెలుగువాళ్ళు ఎవరైనా ఎక్కితే పైలట్ పక్క సీటు దొరుకుతుందేమో అడగండి, కూర్చున్నాక మీ కాళ్ళ దగ్గర ఒక మూత కనిపిస్తుంది. అది ఆయిల్ పోసే చోటు, గాల్లో ఉండగానే క్యాబిన్‌లోంచి ఇంజన్‌కి ఆయిల్ పోయొచ్చు.