శనగలో ఆస్కోకైటా తెగులు: నిరోధక రకాలు లొంగిపోవడానికి లైంగిక పునరుత్పత్తే కారణమా?

నిరోధక రకమని నమ్మి వేసిన శనగకు కొన్నేళ్లకే ఆస్కోకైటా తెగులు ఎందుకు సోకుతోందని, శిలీంధ్రపు లైంగిక దశే దానికి కారణమా అని మీరు అడిగారు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు పలూస్ ప్రాంతంలో, పరిశోధక విద్యార్థిగా ఈ శిలీంధ్రం మీదే పనిచేసిన అనుభవంతో చెప్పాలంటే, అది కొంతవరకే కారణం.

ఈ తెగులు కలిగించే శిలీంధ్రం ఆస్కోకైటా రాబియై తనతో తాను సంయోగం చెందలేదు. మ్యాట్1-1, మ్యాట్1-2 అనే రెండు సంయోగ రకాలు ఒకే మోడు మీద కలిస్తేనే లైంగిక దశ ఏర్పడుతుంది. 1936లో బల్గేరియాలో మొదట వర్ణించిన ఈ దశ పొలంలో మిగిలిపోయిన శనగ కట్టె మీద, చలీ తేమా ఉన్న కాలంలో వృద్ధి చెందుతుంది. ప్రయోగశాలలో మేము శుద్ధి చేసిన శనగ కాడలకు రెండు కల్చర్లనూ (విడిగా పెంచిన శిలీంధ్రాలనూ) పట్టించి, తడి ఆరనివ్వకుండా సుమారు 10 డిగ్రీల సెల్సియస్ వద్ద వారాల తరబడి ఉంచేవాళ్లం. మొదటిసారి నేను సంయోగ రకం పరీక్షించకుండానే రెండు కల్చర్లను కలిపి, దాదాపు రెండు నెలలు ఎదురుచూశాక, రెండూ మ్యాట్1-2 అని తేలింది. సరైన జంట దొరికినప్పుడు మాత్రం, కాడల పైన బోర్లించిన అగార్ (శిలీంధ్రాలను పెంచే జెల్లీ) పళ్లేనికి లైంగిక దశలో పుట్టిన సిద్ధబీజాలు ఎగిరి అంటుకోవడం సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపించింది.

ఒక్కో తిత్తిలో ఎనిమిదేసి ఉండే ఈ సిద్ధబీజాలలో తల్లిదండ్రుల జన్యువులు కొత్త కూర్పులో చేరతాయి, పైగా అవి గాలిలో దూరానికి పోతాయి. మచ్చల మీద వలయాలుగా కనిపించే నల్లటి చుక్కల నుంచి వచ్చే అలైంగిక బీజాలు మాత్రం వాన చినుకులకు చిమ్మి పక్క మొక్కల దాకానే చేరతాయి, అవన్నీ ఒకే మూసలోవి. అందుకే నిరోధకతను దాటే కొత్త రూపాలకు లైంగిక దశ దారి తీయగలదు. పలూస్‌లో రెండు సంయోగ రకాలూ దాదాపు సమానంగా ఉండేవి.

అయితే ఆస్ట్రేలియా ఉదాహరణ నన్ను తొందరపడనివ్వదు. అక్కడ జరిగిన సర్వేలలో పరీక్షించిన శిలీంధ్ర నమూనాలన్నీ మ్యాట్1-2వే, అంటే లైంగిక దశకు జంటే లేదు, జన్యు వైవిధ్యమూ చాలా తక్కువే, అయినా జెనెసిస్ 090 వంటి నిరోధక శనగ రకాలను సైతం దెబ్బతీసే తీవ్రమైన నమూనాలు బయటపడ్డాయి. విస్తారమైన భూమిలో ఒకే శనగ రకం వేస్తే, ఉత్పరివర్తనం వల్ల పుట్టిన ఒక్క బలమైన వంశమే వ్యాపించడానికి అది చాలునని నా అభిప్రాయం.

మన ప్రకాశం, కర్నూలు నల్లరేగళ్లలో ఎండు తెగులే పెద్ద సమస్య. ఆస్కోకైటాకు చల్లటి వానలు కావాలి కనుక అది పంజాబ్, హర్యానా, హిమాచల్ వైపే ఎక్కువ. అక్కడి రైతులైతే కట్టెను నేలపై వదలకుండా లోతుగా దున్ని, పంట మార్చడం మేలు. విత్తనాన్ని మాత్రం తెగులు సోకని పొలం నుంచే తెచ్చుకోవాలి, ఎందుకంటే ఆ ప్రాంతంలో అంతవరకు లేని రెండో సంయోగ రకం విత్తనంతోనే రావచ్చు.