స్ట్రట్ బార్ వేస్తే పోలో జీటీ మలుపుల్లో కుదురుతుందా? – సమాధానం

బ్రదర్, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దిగి మలుపు తిప్పేటప్పుడు మీ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కారు ముందు భాగం వదులుగా అనిపిస్తోందని, స్ట్రట్ బార్ వేస్తే సరిపోతుందా అని అడిగారు. దానికి స్ట్రట్ బార్ (బానెట్ కింద ముందు సస్పెన్షన్ రెండు పై చివరలనూ కలిపే కడ్డీ) మందు కాదనే నా అభిప్రాయం.

మీ కారు ముందు చక్రాలకున్న మెక్‌ఫర్సన్ సస్పెన్షన్‌లో (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు స్ట్రట్‌గా ఉండే రకం) మలుపు తిరిగేటప్పుడు పక్కకు తోసే బలంలో ఎక్కువ భాగం కింద లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు కారుకు కలిపే చెయ్యి) మీదే పడుతుంది. బార్ బిగించేది పైన, స్ట్రట్ టవర్ల (స్ట్రట్ పై చివర బిగించే బాడీ భాగాల) మధ్య. పోలోలాంటి పైకప్పున్న కారు బాడీ ఎలాగూ గట్టిదే. రూఫ్ లేని మజ్దా ఎంఎక్స్-5 లాంటి వాటిలో బాడీ మెలి తిరుగుతుంది కాబట్టి ఇలాంటి కడ్డీలతో బిగిస్తే తేడా బాగా తెలుస్తుంది. మీ కారులో మహా అయితే స్టీరింగ్ తిప్పగానే స్పందన కాస్త చురుగ్గా ఉంటుంది, పట్టు మాత్రం పెరగదు. పట్టు ఇచ్చేది టైరే.

ముందు ఆటోనగర్‌లో కారు లిఫ్ట్ ఎక్కించి లోయర్ ఆర్మ్ బుష్‌లు (దాన్ని బిగించే చోట ఉండే రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు (చక్రం వైపు కదిలే కీళ్లు) చూపించండి. రబ్బరు చీలి ఉంటే మార్చి, అలైన్‌మెంట్ చేయించండి. టైర్లు గట్టిపడి ఉంటే దయచేసి బార్ డబ్బులు వాటికే పెట్టండి, ఇది మీ ప్రాణానికి సంబంధించిన విషయం.

అవన్నీ బాగున్నాక కూడా బార్ కావాలనిపిస్తే, చివర్లలో బోల్టు మీద కదిలే రకం వద్దు, ఒకే ముక్కగా ఉన్నది తీసుకోండి.