సూది కదలకపోతే ఏం చెయ్యాలి

అమ్ములూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండ్రోజుల్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది. "క్లాసులో ప్రయోగం ఫెయిలైతే పరువు పోతుంది మావయ్యా, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేస్తే ఏ గొడవా ఉండదు" అన్నావు చూడు, అదే. ముప్ఫై ఏళ్లకి పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఫోన్లో మొదలుపెడితే మీ అత్తయ్య పక్కనుంచి ఇంక పెట్టెయ్యండి అంటుంది, అందుకని టైపు చేస్తున్నా, తీరిగ్గా చదువుకో.

వచ్చే వారం నువ్వు చెప్పేది ఆయిర్‌స్టెడ్ ప్రయోగమేగా, కరెంటు పోతున్న తీగ దగ్గర పెడితే దిక్సూచి సూది కదులుతుందే, అది. పుస్తకంలో ఒక బొమ్మ, కింద నాలుగు లైన్లు, డెన్మార్క్ శాస్త్రవేత్త, 1820, అంతే, పిల్లలు మార్కుల కోసం బట్టీ పడతారు. అసలాయన మనలాంటి మాస్టారే తల్లీ, కోపెన్‌హాగెన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునేవాడు. ఆ సూది మొదటిసారి కదిలింది కూడా పాఠం మధ్యలోనే, స్టూడెంట్ల ముందే. ఇంకా విచిత్రం ఏంటంటే ఆ ప్రయోగం ఆయన ముందు చేసి చూసుకోలేదు! సామాను రెడీ చేసుకున్నాడు, క్లాసుకి ముందు ఒకసారి చూద్దామనుకుంటే ఏదో అడ్డం వచ్చింది, సరే ఇంకోసారి చూద్దాంలే అని పాఠం మొదలుపెట్టాడు, చెప్తూ చెప్తూ ఉంటే ఇది వచ్చి తీరుతుందని గట్టిగా అనిపించి అక్కడికక్కడే బ్యాటరీకి తీగ కలిపేశాడు. గాజు మూత కింద ఉన్న దిక్సూచి ముల్లు కదిలింది. కదిలిందంటే ఏదో గిర్రున తిరిగిందనుకునేవు, ఊరికే కొంచెం వణికినట్టు, అదీ ఒక తీరుగా కాదు. క్లాసులో ఎవరికీ పెద్దగా ఏమీ అనిపించలేదట.

నీకు పరువు భయం కదా, ఆయనకి అప్పటికే ఒకసారి పోయింది. కుర్రతనంలో యూరప్ తిరుగుతూ రిట్టర్ అనే జర్మన్ సైంటిస్టుతో స్నేహం చేశాడు, భూమికి అయస్కాంత ధ్రువాల్లాగే విద్యుత్ ధ్రువాలు కూడా ఉన్నాయని ఆ రిట్టర్ అంటే నమ్మేసి, పారిస్ వెళ్లి అక్కడి మహామహుల ముందు వకాల్తా పుచ్చుకున్నాడు. అది నిలబడలేదు. 1804లో ఇంటికొచ్చాక ప్రొఫెసర్ పోస్టు కూడా వెంటనే రాలేదు, వీడు ఫిలాసఫీ మనిషి అని పక్కన పెట్టారు, బయట జనానికి లెక్చర్లు చెప్పుకున్నాడు, 1806లో గానీ యూనివర్సిటీలోకి రానివ్వలేదు. అలాంటి దెబ్బ తిన్నవాడు మళ్లీ నలుగురి ముందు, చేసి చూసుకోని ప్రయోగం పెట్టాడంటే నాకు ఆ సూది కదలడం కంటే ఈ సంగతే గొప్పగా అనిపిస్తుంది.

అదృష్టం కొద్దీ దొరికిందిలే అనేవాళ్లున్నారు, నేనొప్పుకోను. విద్యుత్తుకీ అయస్కాంతానికీ ఏదో చుట్టరికం ఉందని ఆయన 1812 నాటికే రాసుకున్నాడు, ఎక్కడ దొరుకుతుందా అని ఎదురుచూస్తున్నవాడికి దొరికింది.

సరే నా సంగతి చెప్తా, నవ్వకు. సర్వీసులో చేరిన రెండో ఏడు, డెబ్భై మంది పిల్లల ముందు కంపాస్ పెట్టి పైన తీగ బిగించి స్విచ్ నొక్కితే సూది చచ్చినా కదల్లేదు. సెల్ మార్చా, తీగ చివర్లు గీకా, ఊహూ. వెనక బెంచీలో ఒకడు "సార్, కరెంటు పోయిందేమో" అన్నాడు, క్లాసంతా గొల్లుమంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే తప్పు ఏంటంటే తీగని సూదికి అడ్డంగా, తూర్పు పడమరలుగా పెట్టా. అలా పెడితే తీగ పుట్టించే అయస్కాంత క్షేత్రం ఉత్తర దక్షిణాలుగానే ఉంటుంది, సూది ఆల్రెడీ అటే చూస్తోంది, ఇంకెందుకు కదులుతుంది చెప్పు. తీగ సూదితో పాటే ఉత్తర దక్షిణంగా, సరిగ్గా దాని మీదుగా పోవాలి. మర్నాడు క్లాసులో రెండు రకాలుగానూ చేసి చూపించి, నిన్న ఎందుకు కదల్లేదో మీరే చెప్పండి అన్నా. ఆ కరెంటు పోయిందన్న వాడే చెప్పాడు!

నువ్వు చెయ్యబోయే ముందు ఇవి చూసుకో. టేబుల్‌కి ఇనప కాళ్లుంటే చెక్క స్టూలు మీద పెట్టు, నీ సెల్‌ఫోన్ దూరంగా పెట్టు, దాని స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. తీగ సూదికి ఒక సెంటీమీటరు ఎత్తులో ఉండి రెండు ఆంపియర్ల కరెంటు పోతే మన ప్రాంతంలో సూది దగ్గర దగ్గర 45 డిగ్రీలు తిరుగుతుంది, వెనక బెంచీకి కూడా కనపడుతుంది. రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ నొక్కకు, తీగ కాలుతుంది, బ్యాటరీ చస్తుంది. కరెంటు దక్షిణం నుంచి ఉత్తరానికి, తీగ పైన, సూది కింద ఉంటే సూది ఉత్తర ధ్రువం పడమరకి పోవాలి, తీగని సూది కిందకి మార్చు, తూర్పుకి పోతుంది. ఆ రెండోది తప్పకుండా చూపించు, అక్కడే పిల్లల కళ్లు పెద్దవవుతాయి, క్షేత్రం తీగ చుట్టూ తిరుగుతోందని నువ్వు చెప్పక్కర్లేదు.

ఆయన కూడా ఆ వణుకు దగ్గర ఆగిపోలేదులే. ఓ మూడు నెలలు ఊరుకుని జులైలో పెద్ద బ్యాటరీ కట్టాడు, 20 రాగి తొట్లు, ఒక్కోటి అడుగు పొడవు అడుగు ఎత్తు, యాసిడ్ కలిపిన నీళ్లు. ప్లాటినం, బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, ఇన్ని తీగలు మార్చి చూశాడు. మధ్యలో గాజు, చెక్క, రాయి, మట్టి పాత్ర, నీళ్లు అడ్డం పెట్టాడు, ఏదీ ఆపలేదు. ఇత్తడి సూది పెట్టి చూశాడు, అది కదల్లేదు. అప్పుడు 21 జులై 1820న లాటిన్లో నాలుగే పేజీలు అచ్చేసి యూరప్ అంతా పంపాడు. సెప్టెంబర్ కల్లా పారిస్‌లో ఆంపియర్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త నిద్ర మానేసినట్టు పని మొదలుపెట్టాడు. అవును, అదే పారిస్.

పరీక్షలు పెట్టేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకో. కథలు రాసే ఆండర్సన్ ఉన్నాడే, ఆయన 1829లో యూనివర్సిటీ పరీక్షకి ఆయిర్‌స్టెడ్ ముందు కూర్చున్నాడు. అన్నిటికీ బాగానే చెప్పాడు, చివర్లో విద్యుదయస్కాంతత్వం గురించి చెప్పు అంటే ఆ మాటే తెలీదన్నాడు, మీ పుస్తకంలో లేదు కదండీ అన్నాడు. సొంతంగా కనిపెట్టిన విషయం తెలీదన్నవాడి మీద మనమైతే ఎగిరి పడతాం. ఈయన నవ్వి, క్లాసులో చెప్పానయ్యా అని, అది కూడా తెలిస్తే ఫస్టు గ్రేడు ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు దాని కిందది ఇస్తున్నా అన్నాడు. తర్వాత ఇద్దరూ జీవితాంతం స్నేహితులు.

మీ కాలేజీలో తెలుగు మీడియం నుంచొచ్చిన పిల్లలు ఎక్కువ అన్నావు. ఆయిర్‌స్టెడ్ ఆక్సిజన్‌కి ఇల్ట్ అనీ హైడ్రోజన్‌కి బ్రింట్ అనీ డేనిష్ మాటలు కట్టాడు, మొదటిది నిప్పు అనే మాట నుంచీ రెండోది మండడం అనే మాట నుంచీ. ఇప్పటికీ అక్కడ అవే వాడతారు. కాబట్టి పిల్లాడు ఆయస్కాంతం అని రాస్తే దీర్ఘం దిద్దు, మాగ్నెట్ అని రాయలేదని మాత్రం తిట్టకు.

కొరియర్లో నా పాత కంపాస్ పంపుతున్నా. మూత మీద ఒక గీత పడింది, సూది ఒక్కోసారి పట్టేస్తుంది, వేలితో చిన్నగా తట్టు, వస్తుంది. అది పిల్లల ముందే తట్టు.

మీ మావయ్య